వెళ్ళొస్తాను

బాబాయ్,

మీ పార్టీ కరపత్రం నిన్న మనింటికీ వచ్చింది. ఫొటోలో నువ్వు బాగానే ఉన్నావు. సభకి కుర్చీలు చాలకపోతే మన ఇంట్లోవి పంపిస్తానని నాన్న అంటే, ఉన్నవాటికే మనుషులు చాలరని అమ్మ నవ్వింది.

"మన భాష రానివాళ్ళకి మన దేశంలో చోటు లేదు" అన్న మీ మొదటి హామీ గురించే రాస్తున్నాను. నానమ్మని చూసుకునే నర్సు నీకు తెలుసుగా. పరాయి దేశం నుంచి వచ్చిన కొత్తలో, పని ముగించి ఇంటికి బయల్దేరుతూ "పోతున్నా" అనేది. నానమ్మ మంచంలోంచే కసిరేది: "పోవడమేంటే! వెళ్ళొస్తా అనాలి." ఆ మాట అనిపించాకే గడప దాటనిచ్చేది. ఆ తర్వాత ఆవిడ ఒక్కనాడూ తప్పలేదు.

నిన్న ఆ కాగితం గుమ్మంలో నిలబడి కూడబలుక్కుంటూ చదివింది. నానమ్మకి దుప్పటి సర్దింది. ఏ మందు ఎప్పుడెయ్యాలో నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. చెప్పులేసుకుని, "వెళ్తున్నానండీ" అంది.

నానమ్మ దిద్దుతుందని చూశాను. దిద్దలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

ఇవాళ ఆవిడ రాలేదు. నానమ్మ నన్ను ఒంటిమీద చెయ్యి వెయ్యనివ్వడం లేదు, నిన్ను పిలవమంటోంది. వచ్చేముందు ఆవిడ ఇంటికెళ్ళి మాట్లాడు. పరీక్ష పెట్టాలనుకుంటే పెట్టు. కానీ "వెళ్ళొస్తా"నని ఎప్పుడు అనకూడదో ఆవిడకి తెలిసింది. భాష రానివాళ్ళకి అంత తేడా తెలియదు బాబాయ్.

మీ అన్నయ్య కూతురు