నీడ తీసేసిన ఫోటో

అక్టోబర్ 12

మిట్టమధ్యాహ్నం. మా డాబా మీంచి డ్రోన్ లేచింది. చేతిలోని తెరలో మా పేట మోవా అంతా… బిలాస్‌పూర్ రోడ్డు, అటూ ఇటూ అద్దాల దుకాణాలు, కొత్త మాల్, సగం కట్టిన ఫంక్షన్ హాలు. అవి అయిపోయిన చోట ఇంకా వరి. కింద ఉంటే ఈ ఊరు దుమ్మూ హారన్లూ. పైనుంచి చూస్తే ఎవరో నిద్రలో వేస్తూ పోతున్న ముగ్గు. ఇంకా చుక్కలన్నీ కలవలేదు. ఎంత ఇష్టమో నాకు.

మా వీధి అవతల టవర్ కడుతున్న బిల్డరుకి నెలకోసారి దాన్ని ఇలా తీసివ్వాలి. మధ్యాహ్నమే తీయాలని సూపర్‌వైజర్ మిశ్రాగారి నియమం. అప్పుడు నీడలు పొట్టిగా ఉంటాయి, కట్టడం తోమిన గిన్నెలా మెరుస్తుంది.

అక్టోబర్ 29

అక్క వడియాల కాలం వచ్చేసింది. రైల్వే కాలనీ తెలుగువాళ్ల ఆర్డర్ల ఫోన్లు మొదలు. ఆస్పత్రి ఉద్యోగం మానేశాక అక్క బతుకంతా ఈ చలికాలపు ఎండ మీదే. డాబా ఉందనే ఈ ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

"పైకెగరేస్తావు కదా, సెప్పు. ఈసారి మన డాబాకి ధూప్ ఉంటాదా? ఆర్డర్లు ఒప్పీసుకోనా?"

ఎండ ఎంత పడుతుందో చూస్తానన్నాను.

నవంబర్ 8

టవర్‌కి ఇంకో అంతస్తు. నీడ వీధి దాటింది. మా గోడ దాకా…

నవంబర్ 14

చెప్పేశాను. టవరు మనకు దక్షిణాన ఉంది, సూర్యుడు ఇంకా కిందికి దిగుతాడు, నీడ డాబా ఎక్కుతుంది అని. నమ్మలేదు. తెర చూపించాను. నీడ వంక చూస్తేనా! "అదేటే, మన నీళ్ల ట్యాంకా? ఇంత సిన్నదా? ఆ మెరిసేది సెరువా?" అంటూ వేలితో ఊరంతా తిరిగింది. చివర్లో మెల్లగా, "ఎంత బాగుందో" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆర్డర్లు ఒప్పేసుకుంది.

నవంబర్ 20

వడియాలకి బూడిద గుమ్మడికాయలొచ్చాయి. మొదటి కోత మగవాళ్లే కోయాలి, మా ఇంట్లో మగవాళ్లు లేరు. ఏటా పాలవాణ్ణి బతిమాలుకుంటాం. ఇవాళ అతను నాగా. ఫోటోల కోసం మిశ్రాగారొచ్చారు. అక్క ఏకంగా కాయా కత్తీ ఆయన ముందుకు జరిపింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం చెప్పులు విడిచి, చేతులు కడుక్కొచ్చి, "హమారే యహాఁ భీ" అంటూ కూర్చున్నారు. వాళ్లింట్లోనూ అంతేనట. ఈ కాయతోనే రఖియా బడీ అని వడియాలు పెడతారు, ముందు ఆడవాళ్లు కోయరు.

కాయ రెండు చెక్కలు చేసి, చెయ్యి తుడుచుకుని, ఫోటో చూసి ముఖం చిట్లించారు. మధ్యాహ్నం కూడా ఇంత నీడేమిటని. చలికాలం సార్ అన్నాను. "హటా దీజియే." తీసెయ్యాలట.

నవంబర్ 21

తీసేశాను. కంప్యూటర్‌లో కొంచెం కొంచెంగా చెరుపుతుంటే నీడ కరిగి, అడుగు నుంచి మా డాబా తేలింది. నిండా ఎండ. అంత అందమైన మా డాబాని ఎప్పుడూ చూడలేదు. చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. అదే సమయానికి పైన అక్క, శాలువా కప్పుకుని, గుడ్డ పరిచి వడియాలు పెడుతోంది.

నవంబర్ 24

ఆరలేదు. పులిసిన వాసన. అక్క అన్నీ మూటగట్టి మూలన పడేసింది. తర్వాత నేను నీడ తీసేసిన ఫోటో చూసింది.

"ఇందులో ధూప్ బాగుంది. ఇక్కడే ఆరబెట్టుకుంటాను. ఇందులోకి దించు నన్ను."

నవ్వలేదు. తిడితే బాగుండేది.

నవంబర్ 26

ఇవాళ బిల్డరు కోసం కాదు. ఎండ కోసం ఎగరేశాను. అక్క పక్కనే. డాబా తర్వాత డాబా… ట్యాంకులు, సోలార్ పలకలు, నిద్రపోతున్న కుక్క, నీడలు, నీడలు. పొలాల అంచున ఆగాం. పెంకుటిళ్ల మధ్య ఒక డాబా. దాని మీద తెల్లటి గుడ్డ, గుడ్డ నిండా వరసలుగా చుక్కలు. అక్క నా మోచెయ్యి పట్టుకుంది.

"వడియాలే!"

చుట్టూ ఎత్తైనది ఏదీ లేదు. డాబా సగం ఖాళీ. ఎవరిదో తెలియదు.

నవంబర్ 27

అక్క ఆటోలో వెళ్లింది. డబ్బాలో పోయిన ఏడాది వడియాలు కాసిని తీసుకుని. నన్ను రావద్దంది. "నువ్వు పైనుండి సూడు, సాలు."

చూస్తున్నాను. ఎర్ర శాలువా మెట్లెక్కింది. పసుపు చీరలో ఒకావిడ. అక్క డబ్బా తెరిచింది. ఆవిడ ఒక వడియం తీసి వెలుగుకి పట్టి చూస్తోంది. మాటలు వినపడవు. అక్క ఖాళీ సగం వైపు చెయ్యి చూపిస్తోంది… డ్రోన్ చప్పుడుకి ఇద్దరూ తలెత్తారు. పసుపు చీర చెయ్యి ఊపింది. సరేననా, పొమ్మనా?

తెర మీద బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. డ్రోన్ తనంతట తానే వెనక్కి తిరిగింది. తిరిగే ముందు ఒక్క క్షణం… ఆ డాబాకి దక్షిణాన, కోసేసిన వరిచేలో సున్నంతో గీసిన గీతలు. తిన్నగా, తెల్లగా, చాలా పెద్ద నలుచదరం. నిన్న లేవు. టవర్‌కి కూడా మొదట ఇలాగే గీశారు. ఆ ఫోటో నేనే తీశాను.

కాసేపటికి మా ఇంటి ముందు ఆటో ఆగింది. అక్క మెట్లెక్కుతోంది. కూనిరాగం తీస్తోంది.