మూడు ఆదివారాల నోటీసు

జూన్ 3, సోమవారం. ఉదయం 6

ముప్పై ఒక్క సంవత్సరాలుగా మా చర్చి కమిటీకి సెక్రటరీని నేనే. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, సమాధులు అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. మినిట్స్ పుస్తకంలో ఎవరేమన్నారో రాస్తాను. నేనేమనుకున్నానో రాయను, అది నా పని కాదు. నిన్నటి విషయంలో మాత్రం నేననుకున్నది కూడా ఎక్కడో ఒకచోట ఉండాలనిపించింది. అందుకే ఈ కొత్త నోటుబుక్కు. ఎవరికీ చూపించేది కాదు.

నిన్న ఆరాధన అయ్యాక మనవరాలు చర్చి వెనక ఆఫీసు గదిలోకి, అదే వెస్ట్రీలోకి వచ్చి నా బల్ల మీద ఒక దరఖాస్తు పెట్టింది. నా కొడుకు కూతురు. ఎనిమిదో ఏట నుంచి నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు ముప్పై ఏళ్లు. కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. నాలుగేళ్లుగా మా వెనక వీధిలో పై పోర్షన్‌లో ఉంటోంది, చిన్నపిల్లల స్కూల్లో పాఠాలు చెప్పే ఒక అమ్మాయితో. ఆ అమ్మాయిని నేను టీచరమ్మ అంటాను.

దరఖాస్తు వాళ్లిద్దరి పేర్ల మీద ఉంది. మేమిద్దరం కలిసి జీవిస్తున్నాం, సంఘం మమ్మల్ని ఆశీర్వదించాలని కోరుతున్నాం. ఒక్క వాక్యం. రెండు సంతకాలు.

నేను కదలకపోతే మనవరాలే అంది, ఏంటి నానమ్మా అలా చూస్తావు, కాగితం ముట్టినట్టు స్టాంపు వెయ్యాలి కదా, సెక్రటరీవి. వేశాను. తేదీ వేశాను.

నాకు తెలియదా అంటే తెలుసు. నాలుగేళ్లుగా తెలుసు. నేను అడగలేదు, అది చెప్పలేదు. అలా మా ఇద్దరికీ బాగానే గడిచింది.

జూన్ 4, మంగళవారం

బిషప్ ఆఫీసు నుంచి గత నెల వచ్చిన సర్క్యులర్ మళ్లీ చదివాను. ఇద్దరు స్త్రీలు గానీ ఇద్దరు పురుషులు గానీ ఆశీర్వాదం కోరితే, స్థానిక కమిటీకి సమ్మతమైతే పాస్టరు వారి కోసం ప్రార్థన చేయవచ్చు. ఆరాధనలో భాగంగా చేయకూడదు. ఉంగరాలు ఉండకూడదు. ప్రమాణాలు ఉండకూడదు. ఆరాధనలో ప్రకటించకూడదు. రిజిస్టరులో రాయకూడదు. వివాహమని ఎవరూ పొరబడేలా ఉండకూడదు.

ఒక వచ్చు. ఆరు కూడదులు. నలభై ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని. ఇన్ని షరతులు పెడితే చివరికి ఏమీ మిగలదని తెలుసు.

జూన్ 6, గురువారం. సాయంత్రం 5

పాస్టరుగారు ఇంటికొచ్చారు. మంచివాడు, వయసు నలభై లోపే, ఎవరినీ నొప్పించలేడు. అదే ఆయన జబ్బు. వచ్చే నెలలో ఏదో ఒక గురువారం మూడింటికి వెస్ట్రీలో పదిహేను నిమిషాలు ప్రార్థన చేసేస్తానండీ మేడం, తలుపు వేసుకుందాం, ఎవరికీ తెలియక్కర్లేదు, అన్నారు. ఒక్క ప్రార్థన, దానికింత హడావుడి ఎందుకండీ, అని కూడా అన్నారు.

ఆయన వెళ్లాక చాలాసేపు కోపం తగ్గలేదు. కమిటీలో పెద్దగొంతు కాంట్రాక్టరుది. మార్చి 10న ఆయన కొత్త లారీకి ఆశీర్వాదం జరిగింది. చర్చి ముందర, రిబ్బను కట్టి, కయిరు బృందం పాడుతుండగా, సంఘమంతా చూస్తుండగా. లారీకి తలుపు వేయలేదు. నా మనవరాలికి వేస్తారా?

ఆ కోపంతో పాటు ఇంకొకటి కూడా ఉంది. అదేమిటో ఇవాళ రాయలేను.

జూన్ 9, ఆదివారం

కమిటీ. మా నియమావళిలో పద్నాలుగో నియమం నేనే ఎత్తాను. కమిటీ ముందుకు వచ్చే ఏ దరఖాస్తైనా మూడు ఆదివారాలు నోటీసు బోర్డు మీద ఉండాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు రాతపూర్వకంగా ఇవ్వాలి. పెళ్లి చేసుకున్న ప్రతి జంట పేరూ ఆ బోర్డు మీదికి ఎక్కింది. నాదీ ఎక్కింది. సర్క్యులర్ ఆరాధనలో ప్రకటించవద్దంది, బోర్డు మాట ఎత్తలేదు. దేవుణ్ణి అడగదగిన సంగతైతే పదిమందిలో అడగాలి, కాకపోతే తలుపు చాటునా వద్దు అన్నాను.

పాస్టరుగారు, వద్దండీ మేడం, ఇది పెళ్లి కాదు కదా, అన్నారు. రెండుసార్లు అన్నారు.

కాంట్రాక్టరు వెంటనే బలపరిచాడు. మేడంగారు చెప్పాక తిరుగేముందండీ, రూలు రూలే, సొంత మనవరాలైనా రూలే అని బల్ల చరిచాడు. ఆయన నన్ను బలపరచడం ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఇదే మొదటిసారి. అక్కడే ఆగాల్సింది. ఆగలేదు. తీర్మానం నెగ్గింది.

జూన్ 12, బుధవారం

టీచరమ్మ ఒక్కతే వచ్చింది. ఆ పిల్ల వస్తే ఇల్లు కాస్త తేలికవుతుంది. మీ గోడ గడియారం కూడా రెండు నిమిషాలు ముందే నడుస్తుంది నానమ్మగారూ, ఆలస్యమైతే తిడతారని దానికీ భయమే అంది. నవ్వాను.

టీ తాగాక గ్లాసు చేతిలో తిప్పుతూ, నోటీసులో స్కూలు పేరు, ఇంటి అడ్రసు తప్పనిసరా అండీ అని అడిగింది. ఫారంలో ఆరు గడులున్నాయి, పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, పనిచేసే చోటు, చిరునామా, ఒక్కటి ఖాళీ ఉన్నా అది నోటీసు కాదు అన్నాను. ఎందుకు, ఏమైనా ఇబ్బందా అన్నాను. ఏం లేదండీ అని నవ్వింది.

నేను మళ్లీ అడగలేదు.

జూన్ 15, శనివారం

నోటీసు రాశాను. పన్నెండు గడులూ నింపాను. నా చేతిరాత ఇప్పటికీ బాగుంటుంది.

మనవరాలు చూసి, నానమ్మా ఇది బోర్డు మీద వద్దు, పాస్టరుగారు చెప్పినట్టు వెస్ట్రీలోనే కానివ్వు అంది. సిగ్గుగా ఉందా అన్నాను. సిగ్గైతే నీ స్టాంపు కోసం వచ్చేదాన్నా, మాకు కావలసింది ప్రార్థన, ఊరేగింపు కాదు, అంది. నువ్వు పిల్లలకి లెక్క తప్పితే మళ్లీ చేయించేదానివి కదా, ఇదీ అలాగే చెయ్యి, మళ్లీ రాయి అంది. చర్చికి ఇచ్చిన దరఖాస్తు చర్చి పద్ధతిలోనే జరుగుతుంది అన్నాను. అది నా వైపు చూసింది, కళ్లు పరీక్ష చేసేటప్పుడు చూసినట్టు.

జూన్ 16, ఆదివారం

మొదటి ఆదివారం. బోర్డు దగ్గర గుంపు. చదివిన వాళ్లకంటే ఫోనులో ఫోటో తీసుకున్న వాళ్లే ఎక్కువ.

బోర్డు పెట్టిన రోజుల్లో ఫోన్లు లేవు. నియమం రాసినవాళ్లకి ఆ ఊహ లేదు. నాకు ఉండాల్సింది.

జూన్ 19, బుధవారం

టీచరమ్మను స్కూలుకు రావద్దన్నారు. తల్లిదండ్రుల గ్రూపులన్నిటికీ నా నోటీసు వెళ్లిందట. హెడ్మిస్ట్రెస్ దాన్ని ప్రింటు తీసి బల్ల మీద పెట్టుకుని మాట్లాడిందట. మనవరాలు ఫోనులో చెప్పింది, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి నానమ్మా, అందరికీ చక్కగా అర్థమయ్యాయి, అని.

పాస్టరుగారు కబురు పెట్టారు, నోటీసు తీసేద్దామని. పెట్టిన నోటీసు మూడు ఆదివారాలూ ఉండాలని జవాబిచ్చాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. తెలుసు.

జూన్ 20, గురువారం. మధ్యాహ్నం 2

ఒకతను గేటు దగ్గర నిలబడి, పెద్దమ్మగారూ, వెనక వీధి పై పోర్షన్ అంటే ఏ మెట్లండీ అని అడిగాడు. టీచరమ్మకి అన్నయ్యనన్నాడు. అమ్మకి బాగాలేదు, చెల్లెల్ని చూడాలంటోంది, అన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. చెప్పులు గేటు బయటే విడిచి వచ్చాడు. చేతిలో ఫోను, ఫోనులో నా నోటీసు.

పచ్చ రంగు గేటు, కుడి వైపు మెట్లు అని వేలు పెట్టి చూపించాను. వందనాలమ్మా అన్నాడు.

అదే రోజు. సాయంత్రం 7

మనవరాలు షాపు నుంచి వచ్చేసరికి ఇల్లు తాళం తీసే ఉందట. టీచరమ్మ లేదు. కళ్లద్దాలు బల్ల మీదే ఉన్నాయి. అవి లేకుండా ఆ పిల్లకి చెయ్యి చాచినంత దూరం కూడా కనపడదు. ఫోను ఆపేసి ఉంది.

కింద పోర్షన్ వాళ్లు ముగ్గురు మగవాళ్లని చూశారు. నేను చూసింది ఒక్కణ్ణే.

టీచరమ్మ ఆరేళ్ల కిందట ఇంటి నుంచి పారిపోయి వచ్చిందట. అప్పటి నుంచీ ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి తెలియదట. నానమ్మగారికి చెబుదామా అని మనవరాలంటే, వద్దులే, పెద్దావిడ కంగారు పడతారు అందట.

జూన్ 21, శుక్రవారం

మనవరాలు టీచరమ్మ వాళ్ల ఊరు వెళ్లి వచ్చింది. బస్సులో వెళ్లడం నాలుగు గంటలు, రావడం నాలుగు గంటలు. గుమ్మం దాటనివ్వలేదు. అన్నయ్య బయటికొచ్చి, మా చెల్లెలు ఇక్కడ లేదు, నువ్వెవరు, ఏమవుతావు అన్నాడట. ఏమవుతానో చెప్పడానికి నా దగ్గర కాగితం లేదు నానమ్మా అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 23, ఆదివారం

రెండో ఆదివారం. కాంట్రాక్టరు నలభై ఒక్క అభ్యంతర పత్రాలు తెచ్చాడు, అన్నీ ఒకే రకం కాగితం మీద. నంబర్లు వేసి ఫైలు చేశాను.

ఆరాధన మధ్యలో మనవరాలు లోపలికి వచ్చింది. గుమ్మం పక్కనున్న బోర్డు అద్దం తీసి నోటీసు చింపింది. నాలుగు ముక్కలు చేసి నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. కయిరు పాట ఆపలేదు.

నియమం ప్రకారం చినిగిన నోటీసు మళ్లీ రాయాలి మేడంగారూ అని కాంట్రాక్టరు గుర్తుచేశాడు. వెస్ట్రీలో కూర్చుని కొత్త కాగితం తీశాను. రాశాను కూడా. టీచరమ్మ పేరు, తండ్రి పేరు, వయసు. వృత్తి దగ్గర చెయ్యి ఆగింది. లేదు, అని రాశాను. పనిచేసే చోటు, లేదు. చిరునామా, తెలియదు.

చదువుకుంటే సమాధుల రిజిస్టరులా ఉంది. బోర్డుకి పెట్టలేదు.

జూన్ 27, గురువారం. ఉదయం 4:30

ఆరో తేదీన రాయలేనన్నది ఇవాళ రాస్తాను.

కోపం నిజమే. లారీకి దక్కిన మర్యాద నా పిల్లకి ఎందుకు లేదన్న మాట నిజమే. కానీ ఎవరో ఒకరు అభ్యంతరం చెబుతారని నేను ఆశపడ్డాను. చెబితే ఆగిపోతుంది. ఆగిపోతే వద్దన్నది నేను కాదు, సంఘం. నానమ్మగా మంచిదానిగానే, సెక్రటరీగా నిక్కచ్చిగానే ఉండిపోతాను. అడగని నాలుగేళ్లూ అలాగే నెట్టుకొచ్చాను.

పాస్టరుగారి తలుపు చాటు పదిహేను నిమిషాలు పిరికితనం. అయినా అందులో ఎవరికీ దెబ్బ తగిలేది కాదు. నాది పిరికితనమే, చక్కటి దస్తూరీతో.

జూన్ 30, ఆదివారం

మూడో ఆదివారం. పాస్టరుగారికి నిన్న పోస్టులో ఉత్తరం వచ్చింది. టీచరమ్మ చేతిరాత. నా దరఖాస్తును నా ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకుంటున్నాను, నా గురించి ఎవరూ వెతకవద్దు, అని ఉంది. అక్షరాలు గీతలు దాటి పైకీ కిందికీ పోయాయి. కళ్లద్దాలు లేకుండా రాసింది.

కమిటీ అయిదు నిమిషాల్లో ముగిసింది. దరఖాస్తుదారులు స్వచ్ఛందంగా ఉపసంహరించుకున్నారని మినిట్స్‌లో రాయమన్నారు. దరఖాస్తు మీద సంతకాలు రెండు, ఉత్తరం ఒకటే, పైగా స్వచ్ఛందమని మనకెవరు చెప్పారు అన్నాను. కాంట్రాక్టరు నవ్వాడు. అదేంటి మేడంగారూ, అంతా మీ రూలు ప్రకారమే కదా జరిగింది, ఇప్పుడు మీరే అడ్డం తిరిగితే ఎలాగ, అన్నాడు. పాస్టరుగారు బల్ల వైపు చూస్తూ, రాసేయండి మేడం, అందరికీ ప్రశాంతంగా ఉంటుంది, అన్నారు.

మినిట్స్ పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. వచ్చే ఆదివారం సంతకాలు.

మనవరాలి పోర్షన్ దాకా వెళ్లాను. లోపల లైటు ఉంది. తలుపు తీయలేదు.

జూలై 1, సోమవారం. ఉదయం 6

జరగవలసినవి:

1. మినిట్స్‌లో ఉపసంహరించుకున్నారని రాయకూడదు. టీచరమ్మను ఇంటి నుంచి తీసుకుపోయారని, ఉత్తరం ఆ తర్వాత వచ్చిందని, చిరునామా బయటపెట్టినది సెక్రటరీ అని రాయాలి.

2. ఇవాళ పదింటికి పోలీసు స్టేషనుకు వెళ్లాలి. అన్నయ్యను చూసింది నేను. మెట్లు చూపించింది నేను. సాక్షి గడిలో నా పేరు రాయించాలి.

3. వాళ్లు ఫిర్యాదు తీసుకోకపోతే రేపు మళ్లీ వెళ్లాలి. ఎల్లుండి మళ్లీ.

4. రిజిస్టర్ల బీరువా తాళాలు పాస్టరుగారికి ఇచ్చేయాలి.

5. ఇరవై ఏడో తేదీన రాసినది మనవరాలికి నా నోటితో చెప్పాలి. అది అడగకముందే.

6. క్షమించమని అడగకూడదు.

7. తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చోవాలి.