సగం పెట్రోలుతో సముద్రం మీదికి

బయక్కా,

నేను కాకినాడలో క్షేమమే, ఒళ్లు మాత్రం మండిపోతోంది.

మా పడవ యజమాని సత్తెయ్య కొత్త మోటారు బిగించాడు. అది పాతదానిలో సగమే తాగుతుందట, అందుకని సగం పెట్రోలే పోయించాడు! ట్యాంకులో పుల్ల ముంచి ఎంతుందో చూద్దామని నేనంటే నవ్వాడు. పక్క పడవలకు జోరు చూపించాలని హ్యాండిల్ పూర్తిగా తిప్పి పరుగెత్తించాడు. తిరిగొచ్చేటప్పుడు నడిసముద్రంలో మోటారు ఆగిపోయింది. ఇంకో పడవ తాడు కట్టి లాక్కొచ్చింది. "కరువు సీమోడు ఎక్కితే ట్యాంకైనా ఎండిపోద్ది" అని అందరి ముందూ సత్తెయ్య నామీద పడ్డాడు! "ఏమప్పా, మా నాయన పుల్ల ముంచకుండా తోటలో డీజిలింజను గూడా తిప్పడు" అన్నాను.

వేరుశనగ మొలిచిందా? పాపకు దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తే నాయన ముంచే వేపపుల్ల ఇచ్చి పంపు. ఆయనకు నా దండాలు పెట్టి చెప్పు: చుట్టూ నీళ్లే చూసి పెరిగినవాళ్లకు అడుగంటడమంటే ఏమిటో తెలియదని.

నీ తమ్ముడు,
ఎర్రన్న