రెండు వలయాల నడుమ దీవెనమ్మ

అనకాపల్లి, సెప్టెంబరు 1946

పంతులమ్మ పుష్పకుమారి గారికి,

సమాధానం కలుగుగాక అని మొదలుపెట్టాలి గానీ, నాకే సమాధానం లేదు. నిన్న మా దీవెనమ్మ ఇంటికొచ్చి, "నానా, పంతులమ్మ నేల మీద ముగ్గుతో రెండు సున్నాలు గీసి, రెండూ కలిసిన సోట నన్ను నిలబెట్టింది" అంది. ముగ్గు గీసి మనిషిని నిలబెట్టడం చేతబడి చేసే చిల్లంగివాళ్ళ పని! పైగా ఆ మధ్య చోటేమిటి? తీర్పునాడు గొర్రెలు కుడికి, మేకలు ఎడమకి. మధ్యలో మిగిలేది చల్లగానూ వేడిగానూ లేని నులివెచ్చనివాళ్ళు. వాళ్ళని ప్రభువు ఉమ్మేస్తాడు. రేపటినుంచి పిల్ల బడికి రాదు.

సత్యం కోసం నిలిచిన
బోధకుడు పరదేశి

తా.క. అత్తరు కొట్టు మీరా సాహెబ్ కూతురు మీరాబీ కూడా ఆ మధ్యనే నిలబడిందట. ఆ పిల్ల ఏ మతంలో నులివెచ్చన?

*

బోధకులు పరదేశి గారికి నమస్కారం.

అది చిల్లంగి కాదండీ, లెక్కల పాఠం. ఒక వలయం పాట వచ్చినవాళ్ళది, రెండోది ఈత వచ్చినవాళ్ళది. రెండూ వచ్చినవాళ్ళు నడుమ నిలబడాలి. మీ అమ్మాయి నులివెచ్చన కాదు, రెండు విధాలా వేడి! దయచేసి బడి మాన్పించకండి. తనకి పంతులమ్మ అవ్వాలని ఉంది.

ఇట్లు, ముగ్గు చేతులతో
పుష్పకుమారి

తా.క. రెండూ రాని అప్పలరాజు బయట నిలబడి ఏడ్చాడు. "నాకు బెల్లం తినడం వొచ్చు, దానికో సున్నా గియ్యండి" అన్నాడు. గీశాను. క్లాసంతా అందులోకి దూకింది.

*

పంతులమ్మ గారూ,

మీ జాబు చదివాను. ఈతా? మా పిల్లకా? నేను బాప్తిస్మాలిచ్చే శారదా నదిలోనా? ఇక బడికే కాదు, గుమ్మమే దాటదు. ఆదివారం బంగారయ్య బాప్తిస్మానికి మాత్రం గట్టు మీద కీర్తన ఎత్తుకోవడానికి నాతో వస్తుంది.

మండుతున్న
పరదేశి

తా.క. అప్పలరాజు వలయం తిండిపోతుతనం. చెరిపెయ్యండి.

*

అయ్యా,

ఈత నేర్పింది మీరాబీ. వాళ్ళ పెరడు ఏటి ఒడ్డునే. ఇప్పుడు నాలుగు గదుల పెట్టె గీస్తున్నాం. పాట వచ్చు, రాదు అని అడ్డంగా. ఈత వచ్చు, రాదు అని నిలువుగా. ఇందులో ఎవరూ బయట నిలబడి ఏడవక్కర్లేదు, అందరికీ గది ఉంది. దీవెనమ్మ గది మాత్రం ఖాళీగా ఉంచాను.

ఎదురుచూస్తూ
పుష్పకుమారి

తా.క. పిల్లలు పెద్దల్ని కూడా సర్దారు. మిమ్మల్ని "పాట రాదు, ఈత రాదు" గదిలో పెట్టారు. పాట విషయంలో ఓటు పెట్టి చూశాను. మీ తరఫున ఒక్క చెయ్యీ లేవలేదు.

*

పంతులమ్మ గారికి తడి ఆరని వందనాలు.

ఆదివారం బంగారయ్యని ముంచబోయి నేనే మునిగాను. కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. బంగారయ్య గట్టెక్కేశాడు. నేను చేతులు కొట్టుకుంటుంటే ఆత్మావేశం అనుకుని సంఘమంతా ఇంకా గట్టిగా పాడింది. అందరూ ఒక్క వలయం వాళ్ళే! దీవెనమ్మ ఒక్కతే పాట ఆపి దూకింది. పెరట్లోంచి చూసి మీరాబీ దూకింది.

"నానా, కొట్టుకోకు! నన్నట్టుకో!"

"బోధకుడు గారూ, నోరు ముయ్యండి, నీళ్ళు లోనికెల్లిపోతన్నాయి!"

మునిగిపోతున్న పేతురుకి ప్రభువు చెయ్యి చాపాడు. నాకు మీ మధ్య చోటులోంచి నాలుగు చేతులు చాపాడు. సోమవారం దీవెనమ్మ బడికొస్తుంది, పంతులమ్మ అయ్యేదాకా వస్తూనే ఉంటుంది.

మీ కొత్త విద్యార్థి
పరదేశి

తా.క. నా గది సరైనదే. పాట సంగతి ఇంకా ప్రార్థిస్తున్నాను, ఈత మాత్రం నేర్చుకుంటాను. అందాకా అప్పలరాజుని కాస్త జరిగి కూర్చోమనండి.