మందారానికి కట్టిన దారం

అల్లూరు, 1961
మంగళవారం రాత్రి

పసుపు మందారం పుప్పొడిని ఎర్ర మందారానికి అద్ది, గుర్తుగా ఆ ఒక్క పువ్వు తొడిమకు పసుపు దారం కట్టినాను. రెండు రంగులూ కలిసిన పువ్వు పూయించాలని నా ఆశ. పువ్వు వాడి, మొన్ననే చిన్న కాయ తొంగి చూసింది.

ఈ సాయంత్రం వెళ్ళి చూస్తే చెట్టు నిండా పసుపు దారాలే! తేనెటీగల వల్ల కాసిన కాయలన్నిటికీ ఉన్నాయి. నా కాయ ఏదో తెలిసే దారి లేదు.

"సిగ్గెందుకే?" అంది పెద్దమ్మ. "సంబంధం కుదరాలని మొక్కుకున్నావని తెలీదా నాకు? ఒక్కదానికి కడితే ఏం చాలుతుంది? నీ కుట్టుపెట్టెలో దారమే తీసి అన్నిటికీ కట్టినాను."

"నోరు లేని పిల్ల, చెట్టుకు చెప్పుకుంది," అని అమ్మ ఒకటే నవ్వు.

ఏమని చెప్పను? పువ్వుకూ పువ్వుకూ నేనే పెళ్ళి చేసినాననా? కాన్వెంటు బడిలో సిస్టర్ ఈ పుప్పొడి పాఠం ఇంగ్లీషులో చెప్పినప్పుడే తలెత్తలేకపోయినాను. తల ఊపి లోపలికి వచ్చేసినాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

పసుపు మందారానికి ఇంకా రెండు మొగ్గలున్నాయి. మళ్ళీ అద్దుతాను. ఈసారి గుర్తుకు నాన్న చిరిగిన బనియను పీలిక కడతాను. దానికి ఎవరూ దండం పెట్టరు.