ఒకటో తారీకు చావులు

నరేంద్రబాబు గారికి నమస్కారాలు.

మీ హ్యాచరీలో రొయ్యపిల్లలు లెక్కపెట్టే నేను, ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక ఈ కాగితం రాస్తున్నాను.

ప్రతి నెలా సరిగ్గా ఒకటో తారీకునే మా ఇంట్లో ఎవరో ఒకరు ఎందుకు పోతున్నారని మీరు ఏనాడూ అడగలేదు. అది మీ మంచితనం. నిజానికి ఎవరూ పోలేదు. నా పోలియో కాలికి వచ్చే పింఛను సచివాలయం వాళ్లు ఆ రోజే ఇంటికి తెచ్చి ఇస్తారు. పనికి పోతున్నానని తెలిస్తే ఆపేస్తారన్న భయంతో, మీకు చావు పేరు చెప్పి సెలవు పెట్టి, వాళ్లు వచ్చేదాకా మంచం మీద మూలుగుతూ పడుకొనేవాణ్ణి. మస్టరులో పేరు రాస్తామంటే వద్దన్నదీ అందుకే.

మొన్న కోట ఊళ్లో దివ్యాంగుల శిబిరానికి వచ్చిన పింఛన్ల అధికారి ఉషారాణి మేడం నా కాగితాలన్నీ చూసి, జీతమెంతో అడిగి, "ఈ జీతానికి నీ పింఛను యాడికీ పోదన్నా. జీతం పెరిగినప్పుడు మళ్లా వచ్చి అడుగు. దానికి మూలిగేదెందుకు?" అన్నారు. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే మా బాబాయిలిద్దరూ బతికి ఉండేవారు.

కాబట్టి దయచేసి నన్ను తీసేయకుండా, నా పేరు మస్టరులో రాయండి.

ఇట్లు,
ఇకమీద చావులు లేని మీ పనివాడు.

మరొక మాట. పోయిన నెల మా పెద్దమ్మ మస్తానమ్మ పోయిందని మీరు పంపిన పూలదండను గుమ్మంలో అందుకొన్నది ఆమే. మీ డ్రైవరు ఆమెనే ఓదార్చి వెళ్లాడు. రేపటి నుంచి నాకు అన్నం క్యారియరు తెచ్చేదీ ఆమే. గేటు దగ్గర చూసి జడుసుకోవద్దు. దండ చాలా బాగుందని మీకు తానే చెప్తానంటోంది.