పాలపిట్ట కాలికి దారం

దసరా రాత్రి, అహ్మది

ఛీ, అన్నం సయించలేదు. దసరా పూట పాలపిట్టను చూడకపోతే మా జగిత్యాల వాళ్లకు అది పండగే కాదు. అందుకని మా రూమ్‌లో ఉండే రాజన్న ఇక్కడి అరబ్బుల శుక్రవారం సంతలో ఒకదాన్ని కొనుక్కొచ్చి, పొద్దున్నే కాలికి దారం కట్టి మా కూలీల క్యాంపు గేటు మీద కూర్చోబెట్టాడు.

"దండం పెట్టుండ్రి, యల్లా, బస్సొస్తది!"

దండం పెట్టినవాడల్లా శుభమని ఒక ఈక పీక్కున్నాడు. నేను పీకలేదు. దండం మాత్రం పెట్టాను.

ఇంగ్లీషులో దీన్ని రోలర్ అంటారు, గాల్లో పల్టీలు కొడుతుందని. మనకు పాలపిట్ట ఎలా అయిందంటే, దాని ఈకలు గడ్డిలో కలిపి పెడితే ఆవు పాలు ఎక్కువిస్తుందని నమ్మారట. పేరు పెట్టేటప్పుడే మన కన్ను ఈకల మీద ఉందన్నమాట. థూ!

డ్యూటీ నుంచి వచ్చేసరికి అది దారానికి తలకిందులుగా వేలాడుతోంది. కళ్లకు చీమలు పట్టాయి.

ఇందాక ఊరి నుంచి మా ఆవిడ ఫోన్ చేసింది.

"పాలపిట్టను చూసినవా?"

"చూసిన."

"ఏ దిక్కుకు ఎగిరింది?"

సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను.